ఇంటి పనిశాలకు గట్టి వైసును ఎన్నుకొనే విధం

మానవునికి ప్రకృతి ప్రసాదించిన చేతులు రెండే. ఒక చేయి వస్తువును పట్టుకొంటే రెండవ చేయి పని చేస్తుంది. కాని ఆకురాయి పట్టడానికీ, ఇనుమును రంపంతో కోయడానికీ, ఉలి మీద సుత్తి దెబ్బ వేయడానికీ రెండు చేతులూ పనిముట్ల మీదనే వుండవలసి వస్తుంది. అప్పుడు వస్తువును పట్టుకొనేదెవరు? వడ్రంగి చెక్కను కాలితో అదిమిపెట్టడం, కొలిమి దగ్గర ఒకరు పట్టకారు పట్టుకొని కూర్చుంటే మరొకరు సమ్మెట వేయడం మనం చూస్తూనే వున్నాం. లోహపు పనిలో ఈ మూడవ చేతి లోటును తీర్చే సాధనం బెంచి వైసు. ఇనుప పని జరిగే ప్రతి చోటా అది కనిపిస్తుంది కనుకనే కాబోలు, దానిని ఎన్నుకొనే విషయంలో మనం చూపే శ్రద్ధ బహు స్వల్పం.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఇనుప సామానుతో పనేమిటని కొందరు నవ్వవచ్చు. మన విద్యార్థులలో ఎందరో సాయంత్రం కళాశాల విడిచిన తరువాత అన్నగారి కుట్టుమిషన్ల మరమ్మతులోనో, తండ్రిగారి తాళాల దుకాణంలోనో, మేనమామ సైకిలు షాపులోనో రాత్రి వరకు పనిచేస్తారు. వారి ఇండ్లలో వసారాయే పనిశాల. అప్పో సప్పో చేసి తెచ్చిన డబ్బుతో మొదట కొనేవి ఒక వైసు, ఒక డ్రిల్లింగు మిషను, ఒక గ్రైండరు. వీటిలో చివరి రెండూ అరిగిపోయేవి, మార్చుకొనేవి. వైసు మాత్రం సరిగా కొంటే తాత నుండి మనుమడి దాకా నిలుస్తుంది. సరిగా కొనకపోతే ఏడాది తిరగకుండా రెండవసారి కొనవలసి వస్తుంది. రోజు సంపాదన రోజుకే చాలని కుటుంబానికి ఆ రెండవ ఖర్చు ఎంత భారమో వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేత ఈ విషయాన్ని కొంత విపులంగా చర్చించడం అనుచితం కాదని తలుస్తున్నాము.

ముందుగా పేరు సంగతి. 'వైస్' అన్న ఇంగ్లీషు మాటకు మూలం పాత ఫ్రెంచి భాషలో మరమేకును సూచించే పదం. దానికి కూడా మూలం లాటిన్‌లో ద్రాక్షతీగ పేరు. తీగ మెలికలు తిరుగుతూ అల్లుకొన్నట్లే మర చుట్లు తిరుగుతుంది కనుక ఆ పేరు వచ్చింది. ఉర్దూలో దీనిని 'బాంక్' అంటారు. 'షికంజా' అన్న ఫారసీ మాట కూడా వున్నది. పుస్తకాలు బైండు చేసేవారు కాగితాల కట్టను బిగించే చెక్క సాధనం కూడా షికంజాయే. పూర్వం ఆ పేరుతో మనుషులను హింసించే యంత్రం ఒకటి వుండేదని నిఘంటువులు చెబుతాయి. మరచుట్లను మన పనివారు 'చూడీలు' అంటారు; చూడీ అంటే గాజు. గాజుల వరుసలా కనిపించే ఆ చుట్టులోనే వైసు బలమంతా వున్నదని చాలామంది అనుకొంటారు. అది సగం నిజం మాత్రమే.

ఆ సగం నిజాన్ని లెక్కవేసి చూద్దాం. హ్యాండిలును మధ్య నుండి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొని ఒక చుట్టు తిప్పితే మన చేయి సుమారు 157 సెంటీమీటర్లు ప్రయాణం చేస్తుంది. చూడీల మధ్య దూరం 5 మిల్లీమీటర్లయితే ఆ ఒక్క చుట్టుకు దవడ జరిగేది 5 మిల్లీమీటర్లే. అంటే చేయి 314 పాళ్ళు కదిలితే దవడ ఒక పాలు కదులుతుంది. కనుక బలం 314 రెట్లు కావాలి. 15 కిలోల బలంతో తిప్పితే దవడ దగ్గర 4,700 కిలోలు రావాలన్న మాట. కాని వాస్తవంలో చూడీల రాపిడి, స్క్రూ మెడ దగ్గరి రాపిడి కలసి అందులో ఐదింట నాలుగు పాళ్ళు మింగివేస్తాయి. మిగిలేది దాదాపు ఒక టన్ను. ఈ నష్టాన్ని చూచి విచారించనక్కరలేదు. ఆ రాపిడి వల్లనే హ్యాండిలు వదిలివేసినా వైసు తనంతట తాను వదులు కాకుండా నిలుస్తుంది. సగానికంటె తక్కువ నష్టంతో పనిచేసే మర అయితే చేయి తీయగానే వెనుకకు తిరిగిపోవచ్చు. ఇక్కడ నష్టమే మనకు లాభం.

ఒక టన్ను బలం రెండు దవడల మధ్య పుట్టినప్పుడు ఆ బలం ఎక్కడికి పోతుంది? ఎన్నికకు ఆధారమైన ప్రశ్న ఇదే. వస్తువు దవడల పై అంచున వుంటుంది. లాగే స్క్రూ వాటికి మూడు నాలుగంగుళాల కింద వుంటుంది. కనుక దవడలు రెండూ తెరిచిన నోటివలె పైభాగాన విడిపోవాలని చూస్తాయి. దవడ లోపలి ముఖం కిందికి దిగి పడకను కలిసే మూల వున్నదే, అక్కడ లోహం సాగలాగబడుతుంది. దవడ వెనుక భాగంలో లోహం నొక్కబడుతుంది. నొక్కుడును అన్ని లోహాలూ తట్టుకొంటాయి. లాగుడును తట్టుకోవడంలోనే తారతమ్యాలు బయటపడతాయి. విరిగిన వైసులను పరిశీలిస్తే నూటికి తొంబై ఆ మూలలోనే విరిగి వుంటాయని మాకు తెలిసిన పనివారందరూ చెబుతారు.

మన బజారులో దొరికే వైసులలో ఎక్కువ భాగం పోత ఇనుముతో చేసినవి. పనివారి నోట దాని పేరు బీడు. ఇందులో కార్బను నూటికి రెండు నుండి నాలుగు పాళ్ళ వరకు వుంటుంది. ఆ కార్బను లోహంలో పూర్తిగా కలిసిపోక సన్నని గ్రాఫైటు రేకులుగా విడిపోయి అంతటా పరచుకొని వుంటుంది. విరిచి చూస్తే లోపల బూడిదరంగు కనిపించేది అందువల్లనే. ఈ రేకులకు బలం లేదు. లోహాన్ని నొక్కినప్పుడు అవి అడ్డు రావు. లాగినప్పుడు మాత్రం ప్రతి రేకూ అప్పటికే పుట్టివున్న ఒక సన్నని పగులుతో సమానం. దాని మొన దగ్గర బలం కేంద్రీకృతమై పగులు పాకుతుంది. అందుకే బీడు నొక్కుడును ఎంత తట్టుకొంటుందో లాగుడును అందులో మూడవ వంతో, నాలుగవ వంతో మాత్రమే తట్టుకొంటుంది. పైగా వంగదు, సాగదు, ముందుగా హెచ్చరించదు. ఒక్కసారిగా విరుగుతుంది.

అంతమాత్రాన బీడును తీసిపారేయడం న్యాయం కాదు. ఆ గ్రాఫైటు రేకులే కంపనాన్ని పీల్చుకొంటాయి. లేతు మిషన్ల పడకలను బీడుతో పోతపోయడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఆకురాయి పట్టేటప్పుడు, రంపం వేసేటప్పుడు పని కీచుమనకుండా నిలకడగా సాగడానికి దళసరి బీడు వైసు ఎంతో అనుకూలం. సన్నని పనులకు మాత్రమే వాడేవారికి మంచి బీడు వైసు జీవితకాలం వస్తుంది. చిక్కంతా సుత్తి దగ్గరే.

సుత్తి పని వున్నవారు అడగవలసినది ఎస్.జి. ఇనుము. 1943లో అమెరికాలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ పరిశోధకుడు కీత్ మిల్లిస్, కరిగిన పోత ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపితే గ్రాఫైటు రేకులుగా కాక చిన్న చిన్న గుండ్లుగా ఏర్పడుతుందని కనుగొన్నాడు. గుండుకు మొన లేదు; కనుక పగులు పాకడానికి దారి లేదు. సాధారణంగా వాడే ఎఫ్.జి. 200 తరగతి బీడు చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల లాగుడును తట్టుకొంటుంది. ఎస్.జి. ఇనుములో 500/7 అనే తరగతి 500 న్యూటన్లు తట్టుకొని, విరిగే ముందు నూటికి ఏడు పాళ్ళు సాగుతుంది కూడా. ఆ సాగడమే మనకు రక్షణ. ఇంతకంటె మేలైనది ఎర్రగా కాల్చి సాగగొట్టిన ఉక్కుతో చేసిన వైసు. వెల మాత్రం సామాన్యులకు అందదు. ఇక పూర్వకాలపు కమ్మరి వైసు వున్నది. దాని కాలు ఒకటి నేల దాకా దిగి, సుత్తి దెబ్బను తిన్నగా భూమికి అందజేస్తుంది. చూపుకు మోటుగా వుంటుంది కాని ఎర్రగా కాలిన కడ్డీని వంచడానికి దానికి మించినది లేదు.

మా పేటలో మోటారు పంపులు బాగుచేసే కుటుంబం ఒకటి వున్నది. నిగనిగలాడే నీలిరంగు వేసిన కొత్త వైసు ఒకటి తక్కువ ధరకు వచ్చిందని కొని తెచ్చారు. ఒకనాడు పంపు ఇరుసును అందులో బిగించి, తుప్పుపట్టిన బేరింగును ఊడగొట్టడానికి సుత్తితో కొడుతుండగా ముందు దవడ మొదలంటా విరిగి, ఇరుసుతో సహా పెద్ద కుమారుని పాదం మీద పడింది. వేళ్ళ ఎముకలు విరిగాయి. మూడు వారాలు పని ఆగిపోయింది. ఆ మూడు వారాలూ ఇల్లు గడవడానికి పడ్డ పాట్లు పేటలో అందరికీ తెలుసు. మేము వెళ్ళి చూసినప్పుడు విరిగిన ముఖంలో శనగగింజలంత గాలిగుల్లలు రెండు మూడు కనిపించాయి. వాటిలో ఒకటి పైకి తెరుచుకొని వుంటే దానిని లాంబంతో నింపి, మీద రంగు వేశారు. అమ్మినవారు దానిని తిరిగి తీసుకోలేదు.

దుకాణంలో నిలబడి, ప్రయోగశాల ఏదీ లేకుండా, ఇటువంటివాటిని పసిగట్టడం సాధ్యమేనా అంటే చాలావరకు సాధ్యమే. కావలసినవి నాలుగు వస్తువులు: ఒక చిన్న అయస్కాంతం, రెండు కాగితపు ముక్కలు, ఒక పాత ఆకురాయి, కొంత ఓపిక.

మొదట వైసును తలకిందులు చేసి చూడాలి. పై భాగానికి రంగు అందరూ బాగానే వేస్తారు. తయారుచేసినవారి మనస్సు అడుగుభాగంలో తెలుస్తుంది. దవడ మూల దగ్గర లోహం దళసరిగా, వంపు గుండ్రంగా వుండాలి. కత్తితో కోసినట్లు పదునైన మూల వుంటే లాగుడు అంతా అక్కడే పోగవుతుంది. కదిలే భాగం అడుగున బోలుగా, దోనెలా వుంటుంది. ఆ దోనె గోడలు రెండు వైపులా ఒకే మందంలో వున్నాయా అని చూడాలి. ఒక వైపు మందం, ఒక వైపు పలుచన అయితే పోతపోసేటప్పుడు అచ్చు జరిగిందన్న మాట. అనుమానం వున్న చోట అయస్కాంతం పెట్టి చూడాలి. అది ఇనుముకు అంటుకొన్నంత గట్టిగా లాంబానికి అంటుకోదు.

తరువాత దవడను ముప్పాతిక వంతు తెరిచి, కదిలే భాగాన్ని చేతితో పట్టి పైకి కిందికి, పక్కలకు ఊపి చూడాలి. కొత్త వైసులో కొద్దిపాటి కదలిక సహజమే. తలుపు గడియలా టకటకమని ఆడితే వద్దని చెప్పాలి. ఆ ఆట వయస్సుతో పెరుగుతుందే కాని తగ్గదు. హ్యాండిలును ఈ చివర నుండి ఆ చివర దాకా తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా బిగుసుకొంటే స్క్రూ వంకర. తిప్పడం మొదలుపెట్టిన తరువాత పావు చుట్టు దాకా దవడ కదలకపోతే నట్టు వదులు.

ఇప్పుడు కాగితపు ముక్కలు. దవడల రెండు చివరలా ఒక్కొక్కటి పెట్టి మెల్లగా మూయాలి. రెండింటినీ లాగి చూస్తే రెండూ ఒకే బిగువుతో వుండాలి. ఒకటి జారివచ్చి రెండవది చిరిగిందంటే దవడలు సమాంతరంగా లేవు. తరువాత ఉత్త దవడలను మూసి వెలుతురుకెదురుగా పట్టి చూడాలి. ఇక్కడొక విశేషం వున్నది. పై అంచులు తాకి, కింద వెంట్రుకవాసి సందు కనిపిస్తే దానిని లోపమని దుకాణదారుతో తగవుకు దిగనక్కరలేదు. బిగించినప్పుడు దవడలు పైన విడిపోవాలని చూస్తాయని ఇంతకుముందే చెప్పుకొన్నాం. తెలిసినవారు దానికి ముందుగానే అవకాశమిచ్చి, పై అంచులు ముందు తాకేటట్లు చేస్తారు. కింద తాకి పైన సందు వుంటేనే చేటు. అది వస్తువును ఎన్నడూ సరిగా పట్టదు.

దవడలకు బిగించిన గరుకు పలకలు గట్టిపరచిన ఉక్కువై వుండాలి. ఆకురాయి అంచును పలక చివర మెల్లగా రాస్తే అది గాజు మీద జారినట్లు జారాలి. కొరుక్కొని పొడి రాలితే ఆ పలక ఏడాదిలో నున్నబడుతుంది. దుకాణదారు ఈ పరీక్షకు ఒప్పుకోకపోవచ్చు. అడగడంలో తప్పు లేదు. పలకలను మరమేకులతో బిగించారా, లేక దవడతో కలిపి పోతపోసి పైన గీతలు గీశారా అన్నది మరింత ముఖ్యం. మొదటి రకమైతే అరిగినప్పుడు మార్చుకోవచ్చు. ఇదే సూత్రం నట్టుకు కూడా వర్తిస్తుంది. చిన్న చవక వైసులలో వేరే నట్టు వుండదు. వైసు ఒంట్లోనే చూడీలు కోసి వుంటాయి. అవి అరిగిన నాడు వైసు మొత్తం పాత ఇనుమే. నట్టు వేరుగా వున్న వైసు అయితే లేతు పనివాని చేత గన్‌మెటల్‌తో కొత్త నట్టు చేయించుకొని మరొక ఇరవై ఏండ్లు వాడవచ్చు. చూడీలు నలుచదరంగానో, కొంచెం వాలుగోడలతోనో వుండాలి. మామూలు బోల్టువలె మొనదేలిన చూడీలు వున్న వైసును చేతితో కూడా తాకవద్దు.

లోహం ఏ జాతిదో తెలుసుకోవడానికి పనివారు ఒక ఉపాయం చెబుతారు. కదిలే భాగాన్ని పూర్తిగా బయటికి తీసి, తాడుతో వేలాడదీసి, చిన్న సుత్తితో తాకిస్తే ఎస్.జి. ఇనుము గంటవలె కొంతసేపు మోగుతుంది. బీడు చప్పగా పలికి ఊరుకొంటుంది. పగులు వున్నదైతే ఏ లోహమైనా బొంగురుగా పలుకుతుంది. కుండలు కొనేటప్పుడు మన ఇండ్లలో ఆడవారు వేళ్ళతో కొట్టి చూడడం లేదా? ఈ శాస్త్రమూ అదే.

బరువు సంగతి చెప్పాలి. బరువైనది బలమైనదన్న నమ్మకం మనలో గాఢంగా వున్నది. ఒకే లోహం, ఒకే ఆకారం అయితే అది నిజమే. గాలిగుల్లలతో నిండిన లావుపాటి బీడుకంటె సన్నని ఎస్.జి. ఇనుము మేలు. తూకం వేసి అమ్మే వైసును తూకం చూచి కొనకూడదు.

కొలత విషయంలో మా అభిప్రాయం సుస్పష్టం. వైసును దవడ వెడల్పుతో గుర్తిస్తారు. తాళాలు, కుట్టుమిషన్లు, విద్యుత్ పరికరాల పనికి 100 మిల్లీమీటర్లది, అనగా నాలుగంగుళాలది చాలు. సైకిళ్ళు, పంపులు, మోటారు సైకిళ్ళ పనికి 125. అంతకు మించి ఇంటికి అవసరం అరుదు. చిన్న వైసు కొని పెద్ద పని చేయించడం కంటె ఒక మెట్టు పెద్దది కొనడం మంచిదే కాని, పనిబల్ల దానిని మోయగలగాలి.

తిరిగే పీఠం వున్న వైసు చూడముచ్చటగా వుంటుంది. ఏ దిక్కుకైనా తిప్పుకోవచ్చునన్న ఆశతో మన యువకులు దానినే కోరుకొంటారు. నిజానికి ఇంటి పనిలో దానిని తిప్పే అవసరం ఏడాదికి పదిసార్లు వస్తుందేమో. వైసుకూ బల్లకూ మధ్య అదొక అదనపు అతుకు. సుత్తి దెబ్బ తగిలిన ప్రతిసారీ ఆ అతుకు కొంచెం కొంచెంగా వదులవుతుంది. డబ్బు పరిమితంగా వున్నవారు స్థిరమైన పీఠం తీసుకొని, మిగిలిన సొమ్మును మంచి లోహానికి వెచ్చించడం వివేకం. దవడ వెనుక దాగలివలె చదునుగా వుండే చిన్న బల్లపరుపు కూడా అటువంటిదే. చిన్న మేకు సాపు చేసుకోవడానికి తప్ప దాని మీద సమ్మెట వేయరాదు.

కొత్త వస్తువులకు సికింద్రాబాదులో రాణీగంజ్, విజయవాడలో ఆటోనగర్ ప్రసిద్ధాలు. ఈనాడు ఫోనులో బొమ్మ చూచి ఇంటికి తెప్పించుకొనే అలవాటు కూడా పెరిగింది. బొమ్మకు అడుగుభాగం వుండదు. దానిని ఊపి చూడలేము. అలా తెప్పించుకొన్నవారు వాపసు చేసే గడువు లోపల పైన చెప్పిన పరీక్షలన్నీ ముగించాలి. బెంచి వైసులకు ఐ.ఎస్. 2586 అనే భారతీయ ప్రమాణం ఒకటి వున్నది. 1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ స్థానంలో 1987 నుండి భారతీయ ప్రమాణాల బ్యూరో పనిచేస్తున్నా, ఆ ముద్రను మనమింకా ఐ.ఎస్.ఐ. ముద్ర అనే పిలుస్తున్నాం. లోహం తరగతిని పెట్టె మీదనో, ఒంటి మీదనో స్పష్టంగా రాసిన వైసును ఏమీ రాయనిదానికంటె ముందు పరిశీలించాలి.

మా మటుకు, చూచి ఎన్నుకొనే ఓపిక వున్నవారికి పాత వైసునే సలహా యిస్తాము. హైదరాబాదులో గురువారం నాటి జుమేరాత్ బజారులోను, ఎర్రగడ్డలో ఆదివారపు సంతలోను పాత పనిముట్లు దొరుకుతాయి. తుప్పును చూచి భయపడనక్కరలేదు. కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి తీగబ్రష్షుతో రుద్దితే పోతుంది. అరిగిన పలకలు, అరిగిన నట్టు మార్చుకోవచ్చు. భయపడవలసినది అతుకును చూచి. ఒంటి మీద ఎక్కడైనా పసుపుపచ్చని గీత కనిపిస్తే విరిగినదానిని ఇత్తడితో అతికించారన్న మాట. బీడును వెల్డింగు చేయడం కష్టసాధ్యం. ముందుగా వేడిచేసి, నికెల్ కడ్డీలతో అతికి, మెల్లగా చల్లార్చాలి. అంత శ్రద్ధ తీసుకొనేవారు తక్కువ. పాత వైసుకు కొత్త రంగు వేసి వుంటే మరింత జాగ్రత్త అవసరం. అయితే ముప్పై ఏండ్లు సుత్తి దెబ్బలు తిని కూడా పగుళ్ళు లేకుండా నిలిచిన వైసు తన పరీక్షను తానే పూర్తిచేసుకొన్నది.

కమిటీ పెద్దలకు ఇక్కడ ఒక మాట మనవి చేయదలచుకొన్నాము. సంస్థలు సామాను కొనేటప్పుడు మూడు కొటేషన్లు తెప్పించి తక్కువ ధర యిచ్చినవారిని అంగీకరించడం ఆచారం. బెంచీలకు, బీరువాలకు ఆ పద్ధతి సరిపోవచ్చు. వైసుల విషయంలో, కొటేషను కోరే కాగితంలోనే లోహం పేరు, తరగతి, వేరుగా తీసి మార్చుకోగల నట్టు, పలకలు అని నాలుగు మాటలు రాయకపోతే, గాలిగుల్లల వైసు తెచ్చిన వర్తకునికే ఎప్పుడూ ఆర్డరు దక్కుతుంది. పగిలిన దవడ పడేది పనినేర్చుకొనే పిల్లవాని కాలి మీద.

కొన్న తరువాత బిగించే పద్ధతిలోనే సగం ఆయుర్దాయం వున్నది. బల్ల మందం కనీసం రెండంగుళాలు వుండాలి. వైసును చెక్క మరమేకులతో కాక, బల్లను దాటి కిందికి దిగే బోల్టులతో, అడుగున ఇనుప పట్టీ వేసి బిగించాలి. బల్ల కాలికి సరిగ్గా పైన బిగిస్తే దెబ్బ నేలకు దిగుతుంది; బల్ల మధ్యలో బిగిస్తే బల్ల డోలువలె మోగుతుంది. అద్దె ఇండ్లలో గోడకు, నేలకు మేకు కొట్టనివ్వని యజమానులుంటారు. అటువంటివారు మాంసం కొట్టడానికి వాడేటటువంటి చింతమొద్దునో, తుమ్మ మొద్దునో మొలలోతు ఎత్తున సంపాదించి దాని మీద బిగించుకోవచ్చు. ఇల్లు మారినప్పుడు మొద్దుతో సహా తీసుకుపోవచ్చు. నిటారుగా నిలబడి మోచేయి మడిస్తే దవడల పై అంచు మోచేతి ఎత్తుకు రావాలి; అంతకంటె కిందికుంటే నడుము, పైకుంటే భుజం నొప్పి పుడుతుంది. స్థిరమైన దవడ ముఖం బల్ల అంచుకు కొద్దిగా వెలుపలికి వుండాలి. అప్పుడే పొడవైన కడ్డీని నిలువుగా బిగించినప్పుడు అది బల్లకు తగలకుండా కిందికి దిగుతుంది.

వాడుకలో పాటించవలసినవి ఎక్కువ లేవు. హ్యాండిలుకు పైపు తొడిగి బిగించడం మన పనిశాలలన్నిటా వున్న దురలవాటు. హ్యాండిలు పొడవును రెండింతలు చేస్తే మూలలోని లాగుడు కూడా రెండింతలవుతుంది. మంచి వైసుల హ్యాండిలును మెత్తని ఉక్కుతో చేసేది అది ముందుగా వంగి, దవడను కాపాడాలన్న ఉద్దేశంతోనే. వంగిన హ్యాండిలును చూచి నాసిరకమని అనుకోరాదు. వస్తువును దవడల ఒక చివర మాత్రమే బిగించవలసి వస్తే, రెండవ చివర అంతే మందం గల ముక్కను పెట్టాలి. లేకపోతే కదిలే భాగం మెలిపడుతుంది. సుత్తి దెబ్బ స్థిరమైన దవడ వైపు పోయేటట్లు నిలబడాలి. నున్నని వస్తువుల మీద గాట్లు పడకుండా రాగి రేకునో, అల్యూమినియం కోణపు ముక్కలనో దవడలకు తొడగాలి.

వారానికొకసారి దవడను పూర్తిగా తెరిచి, స్క్రూ మీది ఇనుప పొడిని బ్రష్షుతో దులిపి, ఆ తరువాతనే గ్రీజు రాయాలి. పొడి మీదనే నూనె పోస్తే రెండూ కలసి చూడీలను ఆకురాయిలా అరగదీస్తాయి. రాత్రి పని ముగిసిన తరువాత దవడలను బిగించి వదలక, కాగితమంత సందు వుంచి, హ్యాండిలును నిలువుగా కిందికి వేలాడదీయాలి; చీకటిలో అటుగా నడిచేవారి తుంటికి తగలదు.